రోబో బొమ్మకు నిలబడటం నేర్పడం

ఈ ప్రసంగం కూర్చుని వింటున్నవాళ్లు ఒక్క నిమిషం లేచి నిలబడాలని మనవి. పొయ్యి మీద పాలు పెట్టుకున్నవాళ్లకు మాత్రం మినహాయింపు. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి, చేతులు కిందికి వదిలేసి, బడిలో డ్రిల్లు మాస్టారు ‘సావధాన్’ అన్నప్పుడు నిలబడినట్టు నిలబడండి. ఇప్పుడు పాదాలను భుజాలకంటే కాస్త ఎడంగా జరపండి. ఒంట్లో ఏమేం కదిలిందో చూసుకోండి. తుంటి దగ్గర తొడ పక్కకు తిరిగింది. అది అందరికీ తెలుస్తుంది. చాలామంది గమనించనిది చీలమండ. కాలు ఏటవాలుగా ఉన్నా అరికాలు నేలకు పూర్తిగా ఆని ఉందంటే, చీలమండ కూడా ఆ మేరకు వాలిందన్నమాట. అది వాలకపోతే మీరిప్పుడు పాదాల లోపలి అంచుల మీద నిలబడి తూలుతూ ఉండేవారు.

ఇక కూర్చోండి. ఈ రెండు కీళ్లే ఇవాళ్టి మన విషయం. మనిషి కీళ్లు కావు, ప్లాస్టిక్ రోబో బొమ్మ కీళ్లు.

జపాన్‌లో 1979 ఏప్రిల్‌లో ‘మొబైల్ సూట్ గన్‌డమ్’ అనే యానిమేషన్ సీరియల్ టీవీలో మొదలైంది. దర్శకుడు యోషియుకి తొమినో. అందులోని యంత్రాలకు రూపం ఇచ్చినవాడు కునియో ఓకవరా. కథలో గన్‌డమ్ అనేది 18 మీటర్ల ఎత్తున్న తెల్లటి యుద్ధ యంత్రం. దాని పొట్టలో కూర్చుని ఓ కుర్రాడు నడుపుతుంటాడు. మొదటి ప్రసారంలో సీరియల్ పెద్దగా ఆడలేదు. 52 భాగాలు తీద్దామనుకున్నది 43తో సరిపెట్టి, 1980 జనవరిలో ఆపేశారు. పునఃప్రసారాల్లో మాత్రం జనం ఎగబడ్డారు. అదే ఏడాది జూలైలో బందాయ్ కంపెనీ గన్‌డమ్ ప్లాస్టిక్ కిట్టును 300 యెన్లకు బజారులోకి తెచ్చింది. అసలు యంత్రంలో 144వ వంతు, అంటే 12 సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు. ఇలాంటి కిట్లన్నిటినీ గన్‌ప్లా అంటారు. ఆ వంశానికి మూలపురుషుడు ఈ 300 యెన్ల బొమ్మే.

ఆ పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని ఉన్న విడిభాగాలు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ కత్తిరించి తీసి, జిగురుతో అతికించి, రంగులు మనమే వేసుకోవాలి. పిల్లలు ఎంతో ఓపికగా ఆ పని చేసేవారు. తీరా పూర్తయ్యాక అది బల్లమీద సావధాన్ చెప్పినట్టే నిలబడేది. కాళ్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయి తప్ప పక్కకు జరగవు. సీరియల్ చివరిభాగంలో ఒక ప్రసిద్ధ దృశ్యం ఉంది. తల ఎగిరిపోయి, ఒక చేయి తెగిపోయిన గన్‌డమ్ కాళ్లు ఎడంగా చాపి, మిగిలిన చేత్తో తుపాకీ నిట్టనిలువుగా పైకెత్తి ఆఖరిసారి పేలుస్తుంది. ఈ కిట్టుతో ఆ దృశ్యం నిలబెడదామంటే చేయి లేస్తుంది, కాళ్లు మాత్రం ఎడంగా వెళ్లవు. టీవీలో చూసిన గన్‌డమ్ ఒకటి, చేతిలో ఉన్న గన్‌డమ్ ఇంకొకటి.

ఆ తేడాను సహించలేక రంపం పట్టుకున్నవాళ్లు పుట్టారు. ‘స్ట్రీమ్ బేస్’ అని కుర్రాళ్ల బృందం ఒకటి ఉండేది. ‘హాబీ జపాన్’ పత్రిక 1981లో ‘హౌ టు బిల్డ్ గన్‌డమ్’ అని ప్రత్యేక సంచిక వేసింది. కిట్టును కోసి, పొడిగించి, కీళ్లు మార్చి టీవీలో కనిపించే గన్‌డమ్‌కు ఎలా దగ్గర చేయవచ్చో అందులో ఆ కుర్రాళ్లు చేసి చూపించారు. ఆ బృందంలోని కత్సుమి కవగుచి 1985లో బందాయ్‌లోనే ఉద్యోగంలో చేరి, తర్వాత గన్‌ప్లా లోకంలో అందరికీ తెలిసిన పెద్దమనిషి అయ్యారు. బయట కూర్చుని కిట్టు లోపాలు సరిదిద్దినవాడే లోపలికి వెళ్లి కిట్లు రూపొందించే పనిలో పడ్డాడన్నమాట. తర్వాతి దశాబ్దాల్లో ఆ కంపెనీ బొమ్మల కీళ్లు ఎందుకంత బాగుపడ్డాయో ఈ ఒక్క సంగతితో సగం అర్థమవుతుంది.

అసలు ఈ తేడా ఎందుకొచ్చింది? బొమ్మలు గీసేవాడికి ఉన్న స్వేచ్ఛ ప్లాస్టిక్‌కు లేదు. యానిమేషన్‌లో ఒక్కో చిత్రానికి ఒక్కో కొలత. గన్‌డమ్ పరుగెత్తేటప్పుడు తొడ సాగుతుంది. కత్తి ఎత్తేటప్పుడు భుజకవచం సందు చేసుకుని చేతికి దారి ఇస్తుంది. మోకాలు మడిస్తే పిక్క కవచం తొడలోకి చొచ్చుకుపోతుంది. కళ్లకు అదేమీ పట్టదు, ఎందుకంటే మరుక్షణం ఇంకో చిత్రం వచ్చేస్తుంది. మసామి ఒబారి అనే యానిమేటర్ గీసిన రోబోలు కత్తిని ముందుకు చాపితే, కత్తి మొన తెరంతా ఆక్రమిస్తుంది, వెనక ఒళ్లు ఎక్కడో చిన్నదైపోతుంది. అభిమానులకు ఆ భంగిమ అంటే ప్రాణం. కిట్టులో అయితే కత్తి పొడవు ఒక్కటే, తొడ పొడవు ఒక్కటే. గీసినవాడు వందసార్లు ఆడిన అబద్ధాల్లో ఏదో ఒక్కదాన్ని ఎంచుకుని ప్లాస్టిక్ చేత ఆడించడమే మార్పులు చేసేవాడి పని. అందుకే నా మట్టుకు నేను చెప్పే మొదటి నియమం ఇది: ముందు భంగిమ తేల్చుకోండి, తర్వాతే కత్తి పట్టుకోండి. అన్ని భంగిమలూ పెట్టగలిగేలా చేద్దామని బయలుదేరినవాళ్ల బొమ్మలు చాలా చూశాను. అన్నీ పెడతాయి, ఒక్కటీ నిండుగా ఉండదు.

భంగిమ తేలాక చెయ్యాల్సింది నడుం కింద. చేతులు ఎన్ని తిప్పినా, తల ఎటు తిప్పినా, కాళ్లు నిటారుగా అతుక్కుని ఉంటే బొమ్మకు ప్రాణం రాదు. పాత కిట్టులో తుంటి దగ్గర కాలిని పట్టుకునేది అడ్డంగా ఉండే ఒక చిన్న కడ్డీ. దాన్ని కోసేసి, తుంటిదిమ్మె లోపల ఎపాక్సీ పుట్టీ నింపి, గట్టిపడ్డాక బయటికి, కిందికి ఏటవాలుగా రంధ్రం వేసి, అందులో గుండ్రటి తల ఉన్న కీలు, అదే బాల్ జాయింటు, దిగేస్తారు. వేవ్, కొటొబుకియా లాంటి కంపెనీలు ఈ కీళ్లను విడిగా అమ్ముతాయి. ఇప్పుడు కాలు ముందుకు, వెనక్కు, పక్కకు కూడా తిరుగుతుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. రంధ్రం వేసేటప్పుడు పాతచోటు కంటే ఒక్క మిల్లీమీటరు కిందికి వేశారనుకోండి. తొడ ముట్టుకోకుండానే కాళ్లు పొడుగైనట్టు కనిపిస్తాయి. కీలు చోటూ, ఒంటి కొలతా వేరువేరు పనులు కావని నేననేది ఇందుకే. ఒకదాన్ని కదిలిస్తే రెండోది దానంతట అదే కదులుతుంది.

కాళ్లు ఎడమయ్యాక మొదట మీరు నిలబడి చూసుకున్న సంగతి మళ్లీ ఎదురవుతుంది. చీలమండ వాలకపోతే బొమ్మ పాదాల లోపలి అంచు మీద నిలబడి జారిపోతుంది. కాబట్టి అక్కడా బాల్ జాయింటు పెట్టాలి. అదొక్కటే చాలదు, కీలు చుట్టూ పాదం లోపలి గోడల్ని కత్తితో చెక్కి జాగా చెయ్యాలి. పాదం పైన ఉండే కవచం అడ్డం రాకుండా దాని వెనకవైపు కొద్దిగా అరగదీయాలి. బయటికి కనబడే అంచును ముట్టుకోకుండా, కనబడని లోపలి వైపే చెక్కడంలో పనివాడితనం తెలుస్తుంది. మోకాలి దగ్గరా ఇదే పద్ధతి. తొడ వెనకభాగం కింది అంచు లోపలివైపు కాస్త తీసేస్తే, కాలు చాపి ఉన్నప్పుడు తేడా ఏమీ తెలియదు, మడిచినప్పుడు మాత్రం ఇంకో ఇరవై, ముప్పై డిగ్రీలు ముడుచుకుంటుంది. ఒక మోకాలు నేలకు ఆనించి తుపాకీ గురిపెట్టే భంగిమకు ఆ ఇరవై డిగ్రీలే ముఖ్యం.

ఇక కొలతలు. ఇక్కడ ఒక చిన్న లెక్క మనసులో పెట్టుకోండి. 144వ వంతు బొమ్మలో ఒక మిల్లీమీటరు అంటే అసలు యంత్రంలో 14 సెంటీమీటర్ల పైమాట. తొడకు రెండు మిల్లీమీటర్లు కలిపామంటే 18 మీటర్ల గన్‌డమ్‌కు దాదాపు అడుగు పొడవు తొడ పెంచామన్నమాట. చెప్పడానికి రెండు మిల్లీమీటర్లే గానీ కంటికి ఎంతో తేడా. అందుకే కలిపేది ఎప్పుడూ కొద్దికొద్దిగానే కలపాలి.

తొడ పొడిగించే పని దగ్గరుండి చూద్దాం. తొడ చుట్టూ మాస్కింగ్ టేపు ఒక చుట్టు గట్టిగా చుట్టాలి. చుట్టు మొదలైన అంచు, ముగిసిన అంచు ఒకదానికొకటి సరిగ్గా కలిస్తే గీత తిన్నగా ఉన్నట్టు. ఆ టేపు అంచు వెంట సన్నపళ్ల రంపంతో, ఒకవైపే కోసుకుంటూ పోకుండా, బొమ్మను తిప్పుకుంటూ నాలుగు వైపులా కొంచెం కొంచెం కొయ్యాలి. రెండు ముక్కలయ్యాక లోపల బోలు కనిపిస్తుంది. అందులో ఎపాక్సీ పుట్టీ నింపి ఆరనివ్వాలి. చేతి డ్రిల్లుతో రెండు ముక్కల మధ్యలోనూ ఒక మిల్లీమీటరు రంధ్రం వేసి, ఇత్తడి తీగ ముక్క దూర్చాలి. ఎముక అన్నమాట అది. మధ్యలో ఒక్కో మిల్లీమీటరు మందమున్న పాలిస్టైరీన్ షీటు ముక్కలు రెండు పేర్చి అతికించాలి. షీటు ముక్క తొడకంటే కొంచెం వెడల్పుగానే ఉండాలి. ఆరాక ఆకురాయితో, తర్వాత 400, 600, 800 నంబరు శాండ్‌పేపర్లతో వరసగా రుద్దితే తొడతో సమమవుతుంది. గోరు పెట్టి పైనుంచి కిందికి లాగితే ఎక్కడా తట్టకూడదు. కంటికంటే గోరుకే ముందు తెలుస్తుంది.

అతికించడానికి ఏం వాడాలి? ప్లాస్టిక్ మోడళ్లకు వాడే సిమెంటు అసలు జిగురే కాదు, పాలిస్టైరీన్‌ను కరిగించే ద్రావకం. రెండు ముక్కల అంచులూ కరిగి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ద్రావకం ఆవిరైపోయాక ఒకే ముక్క అవుతాయి. ఫెవిక్విక్ అలా కాదు. ముక్కల్ని కరిగించదు, వాటి మధ్య తాను గట్టిపడి పట్టుకుంటుంది. చప్పున పట్టుకుంటుంది గానీ కిందపడిన దెబ్బకు చటుక్కున ఊడుతుంది. పుట్టీ సంగతికొస్తే, మన ఇళ్లలో కుళాయి లీకులకు వాడే ఎం-సీల్ కూడా ఎపాక్సీయే. కనబడని లోపలి బోలు నింపడానికి అది పనికొస్తుంది. దాని రేణువు కాస్త ముతక కనుక బయటి ముఖానికి మాత్రం మోడళ్ల కోసం చేసిన మెత్తటి పుట్టీయే మేలు. అన్నట్టు, భాగాలు కత్తిరించాక మిగిలే చట్రాల్ని పారెయ్యకండి. సన్నగా తరిగి సిమెంటులో వేసి మూత పెడితే ఒకట్రెండు రోజుల్లో పాకంలా కరుగుతుంది. బొమ్మ రంగులోనే, బొమ్మ ప్లాస్టిక్‌తోనే తయారైన పుట్టీ అది, పైసా ఖర్చు లేదు. మన కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేతులు, కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. కర్ర బొమ్మ అతుక్కి కర్ర పొట్టునే వాడుకోవడం వాళ్లకూ తెలిసిందే.

సిమెంటు పనిచెయ్యని చోటు ఒకటుంది. కీళ్ల లోపల పెట్టే మెత్తటి గొట్టాలు, పాలీక్యాపులు అంటారు, అవి పాలిథిలీన్. వాటికి సిమెంటు అంటదు. వాటిని అతికించాలని చూడకుండా పుట్టీ గోడల మధ్య బిగించాలి. కొన్ని కిట్లలో కీళ్లు ఏబీఎస్ ప్లాస్టిక్‌తో ఉంటాయి. కవచాల మీది గీతల్లోకి ఎనామెల్ రంగు పారించేటప్పుడు అది ఏబీఎస్ సందుల్లోకి దిగితే పగుళ్లు వస్తాయి. ఇంకోమాట, రుద్దిన పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. కాగితం తడిపి రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, కిటికీ తెరిచి పెట్టండి.

చేతులూ ఛాతీ గురించి ఎక్కువ చెప్పను. రెండు చేతులతో తుపాకీ పట్టుకోవాలంటే భుజం కీలు ముందుకు రావాలి, అంతే. తల గురించి మాత్రం ఒకటి రెండు మాటలు. తల చిన్నదైతే ఒళ్లు పొడుగైనట్టు కనబడుతుంది. తల రెండు సగాలుగా ఉంటుంది కాబట్టి అతికే ముఖాల్ని చెరి సగం మిల్లీమీటరు అరగదీస్తే చాలు. మెడ కీలును ఒక్క వీసం వెనక్కు జరిపితే ఎర్రటి గడ్డం లోపలికి వచ్చి, బొమ్మ కనుబొమ్మల కిందనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఆ చూపుకే గన్‌డమ్‌కు రౌద్రం వస్తుంది. నుదుటి మీద కొమ్ముల్లా ఉండే యాంటెనాలు పిల్లలకు గుచ్చుకోకూడదని చివర మొద్దుగా పోత పోస్తారు. పెద్దవాళ్లు వాటిని సన్నగా గీక్కుంటారు. ఇంట్లో పసిపిల్లలుంటే ఆ పని వద్దు.

ఈ పొడిగింపుల మీద నాకో పేచీ ఉంది. హజిమె కతోకి అనే రూపశిల్పి గీతల్లో గన్‌డమ్ బాగా మారింది. ఆయన పేరుతోనే 2002లో బందాయ్ 100వ వంతు గన్‌డమ్ ఒకటి విడుదల చేసింది. అది అందంగానే ఉంటుంది. కానీ ఆ తర్వాత తల చిన్నది, నడుం సన్నం, కాళ్లు పొడవు అనే పద్ధతి ఒక వ్యసనంలా పట్టుకుంది. ఎవరు పాత కిట్టును ముట్టుకున్నా ముందు తొడలు సాగదీస్తారు. ఓకవరా గీసిన గన్‌డమ్ బొద్దుగా, నడుం కాస్త దిట్టంగా, కాళ్లు బరువుగా ఉంటుంది. భూమి మీద బరువు మోపి నిలబడ్డదని నమ్మించేది ఆ దిట్టమైన నడుమే. కాళ్లు మరీ సాగదీస్తే ఆ యంత్రం బరువంతా ఆవిరైపోయి, బట్టల దుకాణం ముందు నిలబెట్టిన బొమ్మ మిగులుతుంది. ఆ పాత కిట్టుకు తొడలో ఒక్క మిల్లీమీటరు, నడుములో ఒక్క మిల్లీమీటరు చాలని నా తీర్పు. మిగతా మార్పంతా కీళ్లలో రావాలి.

ఇప్పటి కిట్లలో కీళ్లు చక్కగా ఉన్నాయి కదా, ఇంకా ఈ కోతలెందుకని అడగవచ్చు. నిజమే. 1995లో వచ్చిన మాస్టర్ గ్రేడ్, 2010లో వచ్చిన రియల్ గ్రేడ్ కిట్లలో చాలావాటికి లోపల అస్థిపంజరమే ఉంటుంది. 2020లో వచ్చిన ఎంట్రీ గ్రేడ్ గన్‌డమ్‌కు జిగురూ అక్కర్లేదు, కత్తెరా అక్కర్లేదు, చేత్తో విరిచి బిగించుకోవడమే. అయినా చివరి రెండు మిల్లీమీటర్లు ఎప్పుడూ కొనుక్కున్నవాడివే. కంపెనీ అందరి కోసం చేస్తుంది, మీ మనసులో ఉన్న ఆ ఒక్క దృశ్యం కోసం చెయ్యదు. పైగా పెద్ద యంత్రాలకూ తుంటి దగ్గరే చిక్కు. యొకొహామా రేవులో 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి దాకా 18 మీటర్ల కదిలే గన్‌డమ్‌ను నిలబెట్టారు. కాలెత్తేది, మోకాలు వంచేది. బరువు సుమారు 25 టన్నులు. అంత చేసినా తన కాళ్ల మీద తాను నిలబడలేదు. నడుం వెనక నుంచి ఒక పెద్ద ఉక్కు బండి దాన్ని పట్టుకుని ఉండేది.

హైదరాబాద్‌లోనూ, ఇంకా ఇతర ఊళ్లలోనూ ఈ కిట్లు తెప్పించుకుని కట్టుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఇంతవరకూ ఒక్క కోతా కొయ్యనివాళ్లకు చివరగా ఒక మనవి. మొదటిరోజే తొడ మీద రంపం పెట్టకండి. హెచ్‌జీ అనే చిన్న కిట్టు ఒకటి తీసుకోండి. బొమ్మ నడుం ముందు రెండు కవచపు పలకలు వేలాడుతుంటాయి. చాలా కిట్లలో ఆ రెంటినీ మధ్యలో ఒక చిన్న కడ్డీ కలిపి ఉంచుతుంది. అందుకే ఒక కాలు ఎత్తితే రెండు పలకలూ కలిసి లేచి, బొమ్మ లంగా ఎత్తిపట్టుకున్నట్టు వికారంగా ఉంటుంది. ఆ కడ్డీని హాబీ కత్తితో సరిగ్గా మధ్యకు తెగ్గొట్టండి. ఏ కాలి పలక ఆ కాలితోనే లేస్తుంది. ఒక్క నిమిషం పని, విడిగా కొనాల్సిందేమీ లేదు, కోత వంకర పోయినా పలకల వెనకే ఉంటుంది కనుక బయటికి కనబడదు. అది చేసి, బొమ్మను ఒక మోకాలి మీద కూర్చోబెట్టి చూడండి. రంపం కొనాలో వద్దో అప్పుడు మీరే తేల్చుకోండి.